అంగన్‌వాడీ టీచరు నేర్చుకునే చోటు



మూసీకి దక్షిణాన, శాలిబండ నుంచి చాంద్రాయణగుట్ట దాకా, యాకుత్‌పురా నుంచి తాడ్‌బన్ దాకా ఉన్న పాతబస్తీ గల్లీల్లో ప్రతి ఉదయం వందల కొద్దీ చిన్న గదుల తలుపులు తెరుచుకుంటాయి. కొన్నిటి గోడ మీద అంగన్‌వాడీ కేంద్రం అన్న బోర్డు ఉంటుంది. కొన్నిటి మీద ఏదో కాన్వెంట్ పేరు, దాని కింద నర్సరీ, ఎల్‌కేజీ, యూకేజీ అని రాసి ఉంటుంది. లోపల మూడేళ్ల నుంచి ఆరేళ్ల లోపు పిల్లలు, వాళ్ల మధ్య ఒక టీచరమ్మ. ఈరోజు నా ప్రసంగం ఆమె గురించి. పిల్లలకు ఏం నేర్పాలో ఆమెకు చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు. ఆమె ఎక్కడ నేర్చుకుంటుంది, ఎవరి దగ్గర నేర్చుకుంటుంది, అసలు నేర్చుకోవడానికి ఆమెకు తీరిక ఎక్కడిది అని అడిగేవాళ్లు మాత్రం అరుదు.

చిన్నపిల్లలకు చదువు చెప్పడం తేలిక అన్న నమ్మకం మనలో బాగా పాతుకుపోయింది. పదో తరగతి లెక్కల మాస్టారికి బీఎడ్ ఉందా అని అడుగుతాం. ఇంటర్ ఫిజిక్స్ చెప్పేవారికి పీజీ ఉందా అని చూస్తాం. మూడేళ్ల పాపను కూర్చోబెట్టుకునే ఆవిడ విషయానికొస్తే, పిల్లల్ని ఏడవకుండా చూసుకుంటే చాలనుకుంటాం. నిజానికి పదో తరగతి మాస్టారి చేతిలో పాఠ్యపుస్తకం ఉంటుంది, ఎదుట అరగంట కుదురుగా కూర్చోగల పిల్లలు ఉంటారు. ఈమె ఎదుట ఉన్న పిల్లలు పది నిమిషాలు ఒకచోట నిలవరు. ఒకడికి మాటలు సరిగా రాలేదు. ఇంకొకతె ఇంట్లో గలగలా మాట్లాడుతుంది, ఇక్కడ నోరు విప్పదు. మరొకడు పక్కవాడి బొమ్మ లాక్కుని పరిగెత్తుతాడు. ఎవరికి ఏం కావాలో ఆ క్షణంలోనే కనిపెట్టి, ఆ క్షణంలోనే చెయ్యాలి. మనిషి మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా ఆరేళ్ల లోపే జరుగుతుందని 2020 జాతీయ విద్యావిధానం రాసుకుంది. అంతటి వయసును ఎవరి చేతిలో పెడుతున్నామో, ఆమెకు మనం ఇస్తున్న శిక్షణ ఎంతో ఒకసారి చూద్దాం.

మన దేశంలో బాలవిద్యకు పునాది వేసినవాళ్లకు ఈ సంగతి మొదటి నుంచీ తెలుసు. గిజుభాయి బధేకా 1920లో భావనగర్‌లో బాలమందిరం తెరిచారు. ఆ తర్వాత కొద్ది ఏళ్లకే టీచర్లను తయారు చెయ్యడానికి అధ్యాపన మందిరాన్నీ నెలకొల్పారు. పిల్లల బడి, టీచర్ల బడి ఒకదాని పక్కన ఒకటి ఉండాలని ఆయన పట్టు. 1939లో మరియా మాంటిస్సోరి మద్రాసు అడయారుకు వచ్చి, యుద్ధం కారణంగా ఏళ్ల తరబడి మన దేశంలోనే ఉండిపోయి, వెయ్యి మందికి పైగా టీచర్లకు స్వయంగా తర్ఫీదు ఇచ్చారు. మన దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలయ్యాక పల్లెల్లో బాల్వాడీలు మొదలయ్యాయి. ఆ తర్వాతి దశాబ్దంలో బాల్వాడీలు నడిపే బాలసేవికలకు దాదాపు ఏడాది శిక్షణ ఇచ్చేవారు. ఏడాది అన్న మాట గుర్తుంచుకోండి.

1975 అక్టోబర్ 2న సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం, అంటే మనం ఐసీడీఎస్ అని పిలుచుకునే పథకం, దేశమంతటా 33 ప్రాజెక్టులతో మొదలైంది. ఇప్పుడు ఒక్క తెలంగాణలోనే 149 ప్రాజెక్టులు, దాదాపు 35,700 కేంద్రాలు. పాతబస్తీ కేంద్రాలు చాలావరకు చార్మినార్ ప్రాజెక్టు కిందికి వస్తాయి. మొదట్లో అంగన్‌వాడీ కార్యకర్తకు నెలల తరబడి శిక్షణ ఉండేది. కేంద్రాలు పెరిగినకొద్దీ శిక్షణ రోజులు తరిగాయి. చివరికి 26 పనిదినాల ఉద్యోగ శిక్షణ, మధ్యమధ్య కొద్ది రోజుల రిఫ్రెషర్ అన్న స్థాయికి వచ్చింది. ఆ 26 రోజుల్లో కూడా పోషణ, టీకాలు, గర్భిణుల సంరక్షణ, రిజిస్టర్లు అన్నీ ఇమడాలి. బాలవిద్యకు దక్కేది అందులో ఒక వాటా.

2023 మేలో కేంద్ర ప్రభుత్వం 'పోషణ్ భీ పఢాయీ భీ' మొదలుపెట్టింది. అన్నంతో పాటు చదువూ అని దాని ఉద్దేశం. మంచి ఉద్దేశం. దాని కింద అంగన్‌వాడీ టీచర్లందరికీ మూడు రోజుల శిక్షణ. మూడేళ్ల లోపు పిల్లల కోసం 'నవచేతన', మూడు నుంచి ఆరేళ్ల పిల్లల కోసం 'ఆధారశిల' అనే పాఠ్యప్రణాళికలు వచ్చాయి. ఆటతోనే చదువు, వారం వారం ఏం చెయ్యాలో ప్రణాళిక, వికలాంగ పిల్లలను ముందుగా గుర్తించే పద్ధతి, ఇవన్నీ అందులో ఉన్నాయి. నేను ఈ శిక్షణను తక్కువ చెయ్యను. ఎన్నో ఏళ్లుగా అన్నం పెట్టే మనిషిగా మాత్రమే చూసిన స్త్రీని టీచరుగా కూర్చోబెట్టి మాట్లాడటమే ఒక మార్పు. అయినా మూడు రోజులు మూడు రోజులే. హాల్లో కుర్చీల్లో కూర్చుని, తెర మీద బొమ్మలు చూసి, పాట నేర్చుకుని, కిట్ తీసుకుని వెళ్లాక, నాలుగో రోజు ఉదయం ఆమె తన గదిలో ఒంటరిది.

ఆ గదిని కాస్త తలుచుకోండి. నగరంలో చాలా అంగన్‌వాడీలు అద్దె ఇళ్లల్లో నడుస్తాయి. పాతబస్తీలో అయితే ఒకే గది, దాని మూలన బియ్యం బస్తా, గుడ్ల ట్రేలు, బాలామృతం ప్యాకెట్లు, తూకం, ఎత్తు కొలిచే కర్ర. ఉదయం పిల్లలు వచ్చేలోగా ఆయాతో కలిసి గది సర్దుకోవాలి. పదింటికి పాట మొదలుపెట్టేసరికి గుమ్మంలో ఒక గర్భిణి. ఆరోగ్యలక్ష్మి పథకం 2015 జనవరి నుంచి నడుస్తోంది, గర్భిణులకు, బాలింతలకు కేంద్రంలోనే భోజనం, పాలు, గుడ్డు. వాళ్ల హాజరు వెయ్యాలి. 2021 నుంచి పోషణ్ ట్రాకర్ యాప్ ఉంది, ఫోన్‌లో ఎక్కించాలి. సిగ్నల్ రాకపోతే గల్లీలోకి వెళ్లి నిలబడాలి. టీకాల రోజున ఆరోగ్య కార్యకర్త ఏఎన్ఎం వస్తుంది, తల్లుల్ని పిలుచుకురావాలి. ఓటరు జాబితాల పని వస్తే బీఎల్‌వోగా, అంటే బూత్ స్థాయి అధికారిగా, ఇల్లిల్లూ తిరగాలి. పల్స్ పోలియో ఉండనే ఉంది. వీటన్నిటి నడుమ కథకు, ఆటకు మిగిలే సమయం ఎంత?

సమయం చాలడం లేదన్నది నా ఊహ కాదు. తమిళనాడులో నాలుగు జిల్లాల్లో 320 అంగన్‌వాడీల మీద కార్తీక్ మురళీధరన్, అలెహాంద్రో గానిమియన్, క్రిస్టఫర్ వాల్టర్స్ ఒక అధ్యయనం చేశారు. కొన్ని కేంద్రాల్లో కేవలం బాలవిద్య కోసం సగం రోజు పనిచేసే ఒక మనిషిని అదనంగా పెట్టారు. ఆ కేంద్రాల్లో పిల్లలకు చదువు చెప్పే సమయం రెట్టింపయింది. భాషలో, లెక్కల్లో పిల్లలు మెరుగయ్యారు. ఇంకో ఫలితం నాకు మరీ ముఖ్యమనిపించింది. అసలు కార్యకర్తకు కాస్త ఊపిరి సలిపి పోషణ పని బాగా చూసుకోగలిగింది, అందువల్ల పోషకాహార లోపం కూడా తగ్గింది. సమయం లేకుండా శిక్షణ ఒక్కటే ఇస్తే ఏమవుతుందో దీన్నిబట్టి తెలుసుకోవచ్చు. ఆమెకు ఏం చెయ్యాలో తెలుస్తుంది, చెయ్యలేకపోతుంది, ఆ బాధ ఆమెకు మిగులుతుంది.

ఇక నేర్చుకోవడం అనే అసలు విషయానికి వస్తాను. చిన్నపిల్లల టీచరు నేర్చుకోవలసిన వాటిలో చాలా భాగం పుస్తకంలో రాయడానికి వీలుపడనివి. ఒక ఉదాహరణ చెబుతాను. కథ చెప్పి పిల్లల్ని ప్రశ్న అడుగుతాం. "కాకి ఏం చేసింది?" అని అడిగి, వెంటనే "రాళ్లు వేసింది, కదా!" అని మనమే చెప్పేస్తాం. ఇది మన దగ్గరే కాదు, అన్ని దేశాల్లోనూ ఉన్నదే. 1970లలో అమెరికాలో మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు తరగతి గదుల టేపులు విని లెక్క కట్టారు. ప్రశ్న అడిగాక టీచర్లు సగటున ఒక్క సెకను కూడా సరిగ్గా ఆగడం లేదు. మూడు సెకన్లు ఆగడం అలవాటు చేస్తే పిల్లల జవాబులు పొడుగయ్యాయి. అంతవరకు మాట్లాడని పిల్లలు మాట్లాడారు. పిల్లలు ఎదురు ప్రశ్నలు వెయ్యడం మొదలుపెట్టారు.

మూడు సెకన్లు ఆగమని హాల్లో చెప్పడానికి అర నిమిషం చాలు. ఆగడం అలవాటు కావడానికి నెలలు పడుతుంది. ఎందుకంటే నిశ్శబ్దం టీచరుకు భయం. పిల్లలకు రాలేదేమో, ఎవరైనా చూస్తే బాగుండదేమో అనిపిస్తుంది. పక్కన ఒక మనిషి కూర్చుని, అరగంట చూసి, పిల్లలు వెళ్లాక "మీరు ఆ పాప దగ్గర ఆగారు చూడండి, అప్పుడే ఆమె మొత్తం కథ తన మాటల్లో చెప్పింది" అని చెబితే అప్పుడు తెలుస్తుంది. మళ్లీ వచ్చే నెల ఆ మనిషే వచ్చి చూస్తే నిలుస్తుంది. 1980లలో బ్రూస్ జాయిస్, బెవర్లీ షవర్స్ అనే ఇద్దరు టీచర్ల శిక్షణలను పరిశీలించి తేల్చింది ఇదే. చెప్పడం, చూపించడం, హాల్లో చేయించడం, ఇవన్నీ జరిగినా, తరగతి గదిలో పక్కన ఉండి చేయూత ఇచ్చేవాళ్లు లేకపోతే నేర్చుకున్నది గదిలోకి దాదాపుగా చేరదు. ఈతను గట్టు మీద నేర్పలేనట్టే ఇది కూడా.

పాతబస్తీకే ప్రత్యేకమైన సంగతులు ఉన్నాయి. ఏ శిక్షణ పుస్తకమూ వాటిని ముందుగా రాసి ఉంచలేదు. లాడ్ బజార్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గాజుల మీద రాళ్లు అద్దే పని చుట్టుపక్కల ఎన్నో ఇళ్లల్లో జరుగుతుంది. అమ్మ ఒళ్లో కూర్చుని నాలుగేళ్ల పాప రోజూ చూస్తుంది: ఒక ఎర్ర రాయి, రెండు తెల్లవి, మళ్లీ ఒక ఎర్రది, రెండు తెల్లవి. టూ ఫోర్, టూ సిక్స్, టూ ఎయిట్ సైజుల గాజుల్ని కుప్పలుగా వేరు చెయ్యడం చూస్తుంది. డజను లెక్క వింటుంది. బాలవిద్య పుస్తకాలు వరుసక్రమం, వర్గీకరణ, పరిమాణం, సంఖ్యాభావం అని పిలిచేవన్నీ ఆ ఇంట్లో ఉన్నాయి. ఆ పాప కేంద్రానికి వచ్చేసరికి మనం వన్ టూ త్రీ బట్టీ పట్టిస్తాం. టీచరు నేర్చుకోవలసింది ఏమిటంటే, ఆ పాప దగ్గర ఇప్పటికే ఏముందో చూడటం. విరిగిన గాజు ముక్కలు పిల్లల చేతికి ఇవ్వకూడదు సరే, రంగు పూసలు, బటన్లు, చింతగింజలు, పాత రిబ్బన్లు చాలు. "ఈ వరుసలో తర్వాత ఏది వస్తుంది?" అని అడిగి ఆగడం చాలు. ఒక టీచరు ఇలా చేసి, పిల్లలు ఏం చేశారో పక్క కేంద్రం టీచరుకు చెబితే, అదే శిక్షణ. దానికి హాలూ, తెరా అక్కర్లేదు.

భాష సంగతి ఇంకా లోతైనది. లాల్ దర్వాజా, గౌలిపురా, ఛత్రినాక వైపు తెలుగు ఇళ్లు ఎక్కువ. తలాబ్‌కట్ట, యాకుత్‌పురా వైపు దక్కనీ ఉర్దూ ఇళ్లు ఎక్కువ. మరాఠీ, కన్నడ మాటలు కలిసే ఇళ్లూ ఉన్నాయి. ఒకే గదిలో రెండు మూడు భాషల పిల్లలు కూర్చోవడం ఇక్కడ మామూలు. పాతబస్తీలో పుట్టి పెరిగిన టీచరమ్మకు రెండు భాషలూ నోటికి వస్తాయి. పిల్లవాడు పడిపోతే ఆమె దక్కనీలోనే ఓదారుస్తుంది. అన్నం పెట్టేటప్పుడు దక్కనీలోనే బుజ్జగిస్తుంది. పాఠం అనేసరికి మాత్రం గొంతు సవరించుకుని పుస్తక భాషలోకో, ఇంగ్లీషు రైమ్స్‌లోకో మారిపోతుంది. చదువంటే అలాగే ఉండాలని ఆమెకు ఎవరో చెప్పారు, లేదా ఎవరూ చెప్పకపోయినా ఆమెకు అలా అనిపించింది. పిల్లవాడి ఇంటి భాషలోనే తొలి చదువు సాగాలని 2022లో వచ్చిన పునాది దశ జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం స్పష్టంగా చెబుతోంది. తెలంగాణలో 2017 నుంచి ఉర్దూ రాష్ట్రమంతటా రెండో అధికార భాష. అందుకని పాతబస్తీ టీచర్ల శిక్షణలో మొదటి మాట ఇది కావాలి: అమ్మా, మీ నోట సహజంగా వచ్చే ఆ దక్కనీయే మీ గొప్ప పనిముట్టు, కథ అందులో చెప్పండి, పాట అందులో పాడండి, దాని మీదుగా తెలుగుకీ ఇంగ్లీషుకీ తీసుకెళ్లండి. శిక్షణ ఇచ్చే మనిషికి కూడా రెండు భాషలూ రావాలి. ప్రశ్న అడగడానికి భాష అడ్డమైతే, నేర్చుకునే టీచరు కూడా నోరు విప్పని పిల్లలాగే మిగిలిపోతుంది.

పాట, కథ అన్నాను కనుక ఈ రేడియోలోనే ఇద్దరిని తలుచుకోవాలి. న్యాయపతి రాఘవరావుగారు, కామేశ్వరిగారు రేడియో అన్నయ్య, అక్కయ్యలుగా మద్రాసు నుంచి, తర్వాత హైదరాబాదు నుంచి తరాల పిల్లలతో మాట్లాడారు. పిల్లలతో మాట్లాడటానికి గొంతులో ఏముండాలో తెలుగు టీచర్లు చాలామంది ఆ కార్యక్రమాలు వినే పట్టుకున్నారు. వినడం కూడా శిక్షణే. ఇప్పుడు ప్రతి అంగన్‌వాడీ టీచరు చేతిలో ఫోన్ ఉంది, అందులో ఎక్కించాల్సిన లెక్కలే ఉన్నాయి. పక్క కేంద్రంలో ఎవరో బాగా చెప్పిన ఒక కథ, తెలుగులో ఒకటి, దక్కనీలో ఒకటి, వారానికోసారి ఆ ఫోన్‌లోకి వస్తే ఎంత బాగుంటుంది!

అంగన్‌వాడీ ఒక సగమే. పాతబస్తీలో చిన్నపిల్లలు పెద్ద సంఖ్యలో ప్రైవేటు బడుల్లో ఉన్నారు. జేమ్స్ టూలీ, పాలీన్ డిక్సన్ అనే పరిశోధకులు 2000 తర్వాతి తొలి ఏళ్లలో చార్మినార్, బహదూర్‌పురా, బండ్లగూడ మండలాల పేద బస్తీల్లో బడులు లెక్కపెడితే 918 తేలాయి. వాటిలో ప్రభుత్వ బడులు మూడో వంతుకు కాస్త ఎక్కువ. మిగిలినవి దాదాపు అన్నీ ప్రైవేటువి, వాటిలో గుర్తింపు లేనివీ చాలా. ఆ బడుల్లో నర్సరీ, ఎల్‌కేజీ చెప్పేది ఎక్కువగా అదే బస్తీ అమ్మాయిలు. ఇంటర్ చదివినవాళ్లు, డిగ్రీ దూరవిద్యలో చేస్తున్నవాళ్లు, ఇంట్లో బయట ఉద్యోగానికి ఒప్పుకోకపోయినా గల్లీలోని బడికి వెళ్లడానికి ఒప్పుకున్నందువల్ల వచ్చినవాళ్లు. శ్రద్ధ ఉంది, ఓపిక ఉంది. నేర్పినవాళ్లు లేరు. అంగన్‌వాడీ టీచరుకు కనీసం మూడు రోజులైనా ఉన్నాయి, ఈ అమ్మాయికి అవీ లేవు. జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి ప్రకారం బాలవిద్యకు రెండేళ్ల డిప్లొమా ఉంది. నెలకు కొద్ది వేలు వచ్చే ఉద్యోగం కోసం ఆ రెండేళ్ల ఖర్చు ఈ ఇళ్లు భరించలేవు.

కాబట్టి ఆమె తనకు చిన్నప్పుడు ఎలా చెప్పారో అలాగే చెబుతుంది. మూడేళ్ల పిల్లవాడి చేత పెన్సిల్ పట్టించి నాలుగు గీతల పుస్తకంలో ఏబీసీడీలు రాయిస్తుంది. తల్లిదండ్రులు కూడా సాయంత్రం పుస్తకం తెరిచి ఎన్ని పేజీలు నిండాయో చూస్తారు. తప్పు పూర్తిగా ఆమెది కాదు, వాళ్లదీ కాదు. పేజీ నిండితే చదువు వచ్చినట్టు మనందరికీ అలవాటైంది. ఢిల్లీ అంబేడ్కర్ విశ్వవిద్యాలయంలోని బాలవిద్య కేంద్రం, అసర్ సెంటర్ కలిసి తెలంగాణ, అస్సాం, రాజస్థాన్‌లలో సుమారు 14,000 మంది పిల్లలను నాలుగేళ్ల వయసు నుంచి ఎనిమిదేళ్ల దాకా వెంబడించి చూశాయి. 2017లో నివేదిక వచ్చింది. ఐదేళ్లప్పుడు బడికి సిద్ధంగా ఉన్న పిల్లలు ఆ తర్వాత కూడా ముందున్నారు. కానీ చాలామంది సిద్ధంగా లేరు, అంగన్‌వాడీల్లో చదువు పలచన, ప్రైవేటులో రాతా బట్టీ ఎక్కువ. వయసుకు తగిన ఆటపాటలతో నడిచిన చోట్ల పిల్లలకు మేలు జరిగింది. ఈ ఫలితం తెలంగాణ పిల్లలదీ కాబట్టి మనం దాన్ని పక్కన పెట్టలేం.

టీచరు నేర్చుకోవడానికి సమయం కేటాయించిన ఊరు ఒకటుంది, ఇటలీలో రెజ్జియో ఎమీలియా. 1945లో యుద్ధం ముగిసిన రోజుల్లో, ఆ ఊరి పక్క పల్లెలో, జర్మన్లు వదిలేసి పోయిన ఒక ట్యాంకును, కొన్ని లారీలను, గుర్రాలను అమ్మి, ఆ డబ్బుతో తల్లిదండ్రులు తమ చిన్నపిల్లల బడి కట్టుకున్నారు. లోరిస్ మలగుజ్జి అనే టీచరు వాళ్లతో చేరారు. 1963 నుంచి మునిసిపాలిటీయే అలాంటి బడులు నడిపింది. ఇప్పుడు ప్రపంచమంతా వెళ్లి ఆ బడులు చూసి వస్తుంది. అక్కడి గోడల మీద బొమ్మలు, రంగుల గదులు చూసి అందరూ మురిసిపోతారు. నన్ను ఆకట్టుకున్నది వాళ్ల పనివేళల పట్టిక. టీచరుకు వారానికి 36 గంటల పనిలో 30 గంటలు పిల్లలతో, మిగిలిన ఆరు గంటలు తోటి టీచర్లతో కూర్చుని పిల్లలు చెప్పిన మాటలు, గీసిన బొమ్మలు ముందేసుకుని మాట్లాడుకోవడానికి, రాసుకోవడానికి, నేర్చుకోవడానికి. ఆ ఆరు గంటలకూ జీతం ఉంది. నేర్చుకోవడం టీచరు సొంత సరదా కాదు, ఆమె ఉద్యోగంలో భాగం అని ఆ ఊరు ఒప్పుకుంది.

మనకు ఆరు గంటలు రేపే రావు. అయితే మన దగ్గర ఇప్పటికే ఉన్నది ఒకటుంది, సెక్టార్ మీటింగ్. సెక్టార్ అంటే ఇరవై, పాతిక కేంద్రాలు, వాటికి ఒక సూపర్‌వైజర్. నెలకోసారి ఆ టీచర్లందరూ ఒకచోట చేరతారు. దారిఖర్చు, సమయం, అలవాటు అన్నీ ఉన్నాయి. అక్కడ జరిగేది ఏమిటి? గుడ్ల స్టాకు, హాజరు, బరువులు, పెండింగ్ రిపోర్టులు. ఆ లెక్కలన్నీ రోజూ ఫోన్‌లో ఎక్కుతున్నప్పుడు మళ్లీ అవే లెక్కలు మీటింగ్‌లో ఎందుకు? ఆ పూటలో ఒక గంట పిల్లల గురించి మాట్లాడుకోవచ్చు. నెలకొక టీచరు తన కేంద్రంలో ఒక పిల్లవాడు గీసిన బొమ్మ, వాడు చెప్పిన కథ తెచ్చి చూపించవచ్చు. మిగతా వాళ్లు తమకు ఏమనిపించిందో చెప్పవచ్చు. సూపర్‌వైజర్ తనిఖీ చేసే మనిషిగా కాక నేర్పే అక్కగా మారాలంటే ముందు ఆమెకే మంచి శిక్షణ కావాలి. శిక్షణ ఖర్చులో మొదటి రూపాయి సూపర్‌వైజర్ మీద పెట్టాలని నేను గట్టిగా నమ్ముతాను.

నెలకోసారి కలిసి నేర్చుకోవడం కొత్త ఆలోచన కూడా కాదు. ఇంటర్ చదివిన అంగన్‌వాడీ టీచర్లకు ఆరు నెలల సర్టిఫికెట్, అంతకన్నా తక్కువ చదివినవాళ్లకు ఏడాది డిప్లొమా, ఉద్యోగం చేస్తూనే, నెలకు కనీసం ఒక్కసారి ముఖాముఖి తరగతితో అని 2020 విద్యావిధానం రాసింది. ఆ నెలసరి తరగతికి సెక్టార్ మీటింగ్ కన్నా మంచి చోటు ఏది? పొరుగున సంగారెడ్డి జిల్లాలో అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్ ఏళ్ల తరబడి అంగన్‌వాడీ టీచర్లతో, సూపర్‌వైజర్లతో కేంద్రాలకే వెళ్లి పనిచేసింది. ఇక్కడ మూసీ దాటితే సైఫాబాద్‌లో కమ్యూనిటీ సైన్స్ కాలేజీ (పాత పేరు హోమ్‌సైన్స్ కాలేజీ) ఉంది, పిల్లల వికాసం చదివే విద్యార్థినులున్నారు, ప్రయోగశాలగా నడిచే నర్సరీ బడి ఉంది. ఆ విద్యార్థినులు ఏడాదిలో కొన్ని వారాలు పాతబస్తీ కేంద్రాల్లో కూర్చుంటే ఇద్దరూ నేర్చుకుంటారు. కాలేజీ అమ్మాయి పుస్తకంలో లేనిది టీచరమ్మ దగ్గర చూస్తుంది.

ఒక మాట జీతం గురించి కూడా చెప్పాలి. తెలంగాణలో అంగన్‌వాడీ టీచరు గౌరవ వేతనం 2021లో 13,650 రూపాయలకు పెరిగింది. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు అంగన్‌వాడీ కార్యకర్తలకు గ్రాట్యుటీ చట్టం వర్తిస్తుందని తీర్పు ఇచ్చింది, వాళ్లు చేసేది ఉద్యోగమేనని గుర్తించింది. శిక్షణ పూర్తి చేసి, డిప్లొమా సంపాదించిన టీచరుకు జీతంలో, హోదాలో తేడా కనిపించకపోతే ఆమె ఎందుకు శ్రమపడాలి? నేర్చుకున్నదానికి విలువ కట్టడం కూడా నేర్పడంలో భాగమే.

పాతబస్తీ తల్లులకూ తండ్రులకూ నా మనవి. మీ పాప వెళ్లే కేంద్రానికి, నర్సరీకి ఒక ఉదయం వెళ్లి అరగంట కూర్చోండి. పుస్తకంలో పేజీలు లెక్కపెట్టకండి, మీ పాప ఎంతసేపు మాట్లాడిందో, ఏం ఆడిందో చూడండి. టీచరమ్మ బాగా కథ చెబితే ఆమెకే ఆ మాట చెప్పండి. ప్రైవేటు బడుల యజమానులకు ఒక మనవి: మీ నర్సరీ టీచర్లకు నెలకు ఒక పూట జీతం కోయకుండా సెలవిచ్చి, దగ్గరి అంగన్‌వాడీ సెక్టార్ మీటింగ్‌కు పంపించండి. వాళ్లను లోపలికి రానివ్వమని శాఖ అధికారులను కోరుతున్నాను. ఒకే గల్లీ పిల్లల టీచర్లు ఒకచోట కూర్చోవడానికి అడ్డం ఏముంది? చార్మినార్ ప్రాజెక్టులో, మిగతా ప్రాజెక్టుల్లో పనిచేస్తున్న ప్రాజెక్టు అధికారులైన సీడీపీవోలకు, సూపర్‌వైజర్లకు చివరిగా ఒక్క విజ్ఞప్తి: వచ్చే నెల సెక్టార్ మీటింగ్‌లో మొదటి గంట రిజిస్టర్లు తెరవకండి. ఆ గంట టీచర్లకు ఇచ్చి, వాళ్ల పిల్లల గురించి వాళ్లను మాట్లాడనివ్వండి.